కౌన్సెలింగ్ కాదు, ఛార్జిషీటు కావాలి

రామగుండం పోలీస్ కమిషనర్ గారికి,



మీ పరిధిలో గోదావరికి ఇవతల పెద్దపల్లి జిల్లా, అవతల మంచిర్యాల జిల్లా. 2016లో కమిషనరేట్ ఏర్పడ్డప్పటి నుంచి ఇక్కడికి వచ్చిన ప్రతి అధికారికీ గంజాయి గురించి, భూదందాల గురించి, బొగ్గు దొంగతనం గురించి, ఇసుక లారీల గురించి చెప్పేవాళ్లు చాలామందే ఉంటారు. ఈ ఉత్తరం మరో నేరం గురించి. ఒకప్పుడు ప్రేమించినవాడు, నిశ్చితార్థం దాకా వచ్చి తప్పుకున్నవాడు, విడాకులైన భర్త, వీళ్లలో ఎవరో ఒకరు అమ్మాయి పేరుతో, అమ్మాయి ఫొటోతో దొంగ ఖాతా తెరిచి, ఆమే మాట్లాడుతున్నట్టు లోకంతో మాట్లాడే నేరం. దీనికి చట్టంలో శిక్షలున్నాయి. పట్టుకునే సాధనాలున్నాయి. రామగుండానికి ప్రత్యేకంగా సైబర్ క్రైమ్ పోలీస్ స్టేషన్ కూడా ఉన్నది. అయినా ఇట్లాంటి ఫిర్యాదు స్టేషన్ మెట్లు ఎక్కి, కోర్టు మెట్లు ఎక్కకముందే ఆగిపోతుంటుంది. ఎక్కడ ఆగుతున్నదో, ఎందుకు ఆగుతున్నదో చెప్పడానికే రాస్తున్నాను.

ముందే ఒక మాట. మీ పరిధిలోని ఏ స్టేషన్‌నూ, ఏ అధికారినీ వేలెత్తి చూపడం నా ఉద్దేశం కాదు. నేను చెప్పబోయే అలవాటు ఒక్క ఊరిది కాదు. అందులో పోలీసుల పాలు ఎంతో, మా ఇండ్ల పాలు కూడా అంతే.

దొంగ ఖాతా ఎన్నడూ చూడనివాళ్లకు అదేదో పెద్ద కంప్యూటర్ విద్య అనిపిస్తుంది. కానే కాదు. అమ్మాయి అసలు పేరుకు చివర ఒక గీతో, ఒక అంకెనో తగిలిస్తే కొత్త ఖాతా పేరు తయారు. ముఖచిత్రానికి బంధువుల పెళ్లిలో పట్టుచీరతో దిగిన ఫొటో. పక్కన నిలబడ్డవాణ్ని కత్తిరించినా, అతని చొక్కా భుజం ఒక అంచున అట్లే మిగిలి ఉంటుంది. కింద ఆమె నిజమైన ఫోన్ నెంబరు, కాలనీ పేరు, పిలిస్తే వస్తానన్న అర్థంలో రెండు ముక్కలు. ఆ ఖాతా నుంచి మొదటి రిక్వెస్టులు పోయేది ముక్కూమొహం తెలియనివాళ్లకు కాదు. అన్నదమ్ములకు, కాలేజీ దోస్తులకు, తల్లి ఉన్న బతుకమ్మ గ్రూపులోని ఆడవాళ్లకు, కుదిరిన సంబంధం ఉంటే ఆ పెళ్లికొడుక్కు, అతని చెల్లెలికి. ఆ రాత్రి నుంచే గుర్తు తెలియని నెంబర్ల ఫోన్లు మొదలవుతాయి. ఎత్తితే బూతు. ఎత్తకపోతే మెసేజి. ఏమీ తెలియని తల్లి ఎత్తితే ఆమె చెవిలోనూ అదే మాట పడుతుంది.

ఇదే పని తెలియనివాడు చేస్తే ఒక తీరు, తెలిసినవాడు చేస్తే మరో తీరు. కొత్త ఫోన్ కొన్ననాడు అందులో జీమెయిల్ పెట్టి ఇచ్చింది అతనే అయి ఉంటాడు. పాస్‌వర్డ్ అతనికి తెలుసు. మరచిపోయిన పాస్‌వర్డ్ తిరిగి తెచ్చుకునే నెంబరు అతనిదే. ఆమె చిన్నప్పటి బడి పేరు, పుట్టినరోజు, ఏ మేనత్తకు ఏ మాట చెబితే మండుతుందో, అన్నీ తెలుసు. ఒకనాడు నమ్మి చెప్పుకున్నవన్నీ ఇప్పుడు అతని చేతిలో ఆయుధాలు. ఈ నేరంలో సాంకేతికత తక్కువ, చనువు ఎక్కువ. అందుకే దెబ్బ గురి తప్పదు.

మన బొగ్గు బెల్టులో ఈ దెబ్బ మరింత లోతుగా దిగడానికి ఒక కారణం ఉన్నది. ఇక్కడ మనిషికి గుర్తింపు ఇంటిపేరుతో కాదు, బొగ్గు బావి పేరుతో. "ఏ బావి? ఎవరి బిడ్డ?" అన్న రెండు ప్రశ్నలతో గోదావరిఖని చౌరస్తా నుంచి యైటింక్లయిన్ కాలనీ దాకా, సెంటినరీ కాలనీ దాకా ఎవరినైనా పోల్చుకోవచ్చు. హైదరాబాద్‌లో ఒక ఫొటో వంద మందికి పోయినా ఆ వందలో తొంభై మందికి ఆ పిల్ల ఎవరో తెలియదు. ఇక్కడ పది మందికి పోతే ఆ పది మందీ ఆమె తండ్రితో కలిసి బావిలోకి దిగేవాళ్లే. మొదటి షిఫ్టు మస్టర్ పడేటప్పుడు ఒక ఫోన్‌లో ఉన్న స్క్రీన్‌షాట్, మధ్యాహ్నం మూడింటికి రెండో షిఫ్టువాళ్లు వచ్చేసరికి క్యాంటీన్ అంతా తిరుగుతుంది. ఎవరూ ఆయన ముందర ఒక్క మాట అనరు. ఆయన రాగానే మాట మార్చడమే వాళ్లు అనే మాట.

ఇక ఇంట్లో మొదట జరిగేది అమ్మాయి ఫోన్ గుంజుకోవడం. తర్వాత కాలేజీ బందు. ఆ తర్వాత "తొందరగా ఎవడికో ఒకడికి ఇచ్చి చేద్దాం" అన్న ఆలోచన. నేరం చేసినవాడి చదువు, కొలువు, తిరుగుడు ఏదీ ఆగదు. తల్లిదండ్రులను నేను తప్పుపట్టను గానీ ఒకటి మాత్రం చెప్పాలి. ఆ ఫోన్ గుంజుకుని అన్నీ చెరిపేసిన రోజే కేసులో సగం ప్రాణం పోతుంది. శిక్ష పడేది ముందుగా బిడ్డకే.

ఇంతా అయ్యాక ధైర్యం చేసి స్టేషన్‌కు వస్తారు. తండ్రి నైట్ షిఫ్టు దిగి, నిద్ర లేని కండ్లతో, ఒక యూనియన్ నాయకుణ్ని వెంటబెట్టుకుని వస్తాడు. పిటిషన్ తీసుకుంటారు. అవతలి వాణ్ని పిలిపిస్తారు. వాడూ ఒక పెద్దమనిషిని వెంటబెట్టుకుని వస్తాడు. "తెలిసినోళ్లే గదా, పిల్ల పేరు బయట పడితే రేపు సంబంధాలు వస్తయా" అని ఎవరో అంటారు. ఆ మాట అన్నాయన మంచి మనసుతోనే అంటాడు. వాడు తప్పయిపోయిందని ఒక కాగితం రాసిస్తాడు. అందరి ముందర, ఆ టేబుల్ దగ్గరే నిలబడి, ఫోన్ తీసి ఖాతా డిలీట్ చేస్తాడు. అందరూ ఊపిరి పీల్చుకుంటారు. పంచాయితీ ముగిసింది.

కమిషనర్ గారూ, నా బాధ అంతా ఆ డిలీట్ గురించే. అక్కడ పోయింది ఖాతా ఒక్కటే కాదు, సాక్ష్యం. పోలీసుల ఎదుట, పోలీసులు చెబితేనే, నేరస్తుడి చేతితోనే సాక్ష్యం చెరిగిపోయింది. రెండు నెలల తర్వాత అదే ఫొటోతో మరో పేరు మీద ఇంకో ఖాతా పుడితే, మొదటిదానికీ దీనికీ ముడిపెట్టే తీగ ఎవరి దగ్గరా ఉండదు. ఈసారి వాడు మరింత జాగ్రత్త పడతాడు కూడా. ఎట్లా చేస్తే దొరుకుతాడో మొదటి పంచాయితీ నేర్పింది కదా.

సింగరేణి బొగ్గు గనుల్లో పనిచేసే ఏ మైనింగ్ సర్దార్‌ను అడిగినా ఒక సంగతి చెబుతాడు. బావిలో ప్రాణం పోయిన ప్రమాదం జరిగితే, మనుషులను బయటికి తీసే పని తప్ప ఆ చోట దేన్నీ కదిలించకూడదు. కూలిన బొగ్గు పెళ్ల కూలినచోటే ఉండాలి, విరిగిన దిమ్మ విరిగినచోటే ఉండాలి, తనిఖీ అధికారి వచ్చి చూసేదాకా. 1952 గనుల చట్టం పెట్టిన నియమం అది. 2003 జూన్ 16న జీడీకే 7 ఎల్‌ఈపీ బావిలో నీళ్లు ముంచెత్తి 17 మంది పోయిన ఊరు మనది. జరిగినదానికి కారణం ఎవరో తేలాలంటే జరిగినచోటు చెదరకూడదని మాకు ఒకరు చెప్పే పని లేదు. అమ్మాయి పేరు మీద తెరిచిన దొంగ ఖాతా, దాన్ని తెరిచిన ఫోన్ కూడా అట్లాంటి చోటే. దాన్ని ముందు చూడాలి, నమోదు చేయాలి, స్వాధీనం చేసుకోవాలి. ఆ తర్వాతే తీసేయించాలి.

తీసేయించడానికి, దాచిపెట్టడానికి రెండింటికీ చట్టంలో దారి ఉన్నది. 2021లో వచ్చిన ఐటీ నిబంధనల ప్రకారం నగ్నంగా చూపే ఫొటో గానీ, మరొకరి వేషం వేసిన ఖాతా గానీ, మార్ఫింగ్ చేసిన బొమ్మ గానీ ఉన్నదని బాధితురాలు ఫిర్యాదు చేస్తే సోషల్ మీడియా కంపెనీ 24 గంటల్లో తొలగించే చర్య తీసుకోవాలని అప్పట్లో గడువు పెట్టారు. అట్లా తొలగించిన సమాచారాన్ని దర్యాప్తు కోసం 180 రోజులు భద్రంగా ఉంచాలి. ఖాతా మూసేసినా రిజిస్ట్రేషన్ వివరాలు మరో 180 రోజులు దాచాలి. అధికారం ఉన్న దర్యాప్తు సంస్థ రాతపూర్వకంగా అడిగితే 72 గంటల్లో వివరాలు ఇవ్వాలి. ఈ అంకెలను ఒకచోట పెట్టి చూడండి. పిటిషన్ మీద ఒక నెల, కౌన్సెలింగ్‌లో ఒక నెల, రాజీ చెడి మళ్లీ వచ్చేసరికి మూడు నెలలు, లీగల్ ఒపీనియన్‌కు ఇంకో నెల. ఆరు నెలలు గడవడం ఎంతసేపు? ఆ తర్వాత ఐపీ అడ్రస్ అడిగితే, దాచే గడువు అయిపోయిందన్న జవాబు వచ్చినా మనం చేయగలిగింది ఉండదు. ఆలస్యం ఇక్కడ నింపాదిగా చేసే క్షమాభిక్ష.

రాజీ గురించి చట్టం ఏమంటున్నదో కూడా గుర్తు చేస్తాను. ఐటీ చట్టంలో మూడేండ్ల లోపు శిక్ష ఉన్న నేరాలను కోర్టులు రాజీతో ముగించవచ్చని 77ఏ సెక్షన్ చెబుతుంది. వెంటనే ఒక మినహాయింపు పెడుతుంది. నేరం మహిళ మీద గానీ, 18 ఏండ్లు నిండని పిల్లల మీద గానీ జరిగితే రాజీ కుదరదు. జడ్జికే లేని అధికారం స్టేషన్‌లో కుర్చీ వేసుకుని కూర్చున్న పెద్దమనిషికి ఎక్కడి నుంచి వచ్చింది?

సెక్షన్లు మీకు చెప్పనక్కర లేదు, కానీ ఈ ఉత్తరం చదివే తల్లిదండ్రులకు తెలియాలి. మరొకరి పాస్‌వర్డ్‌నో గుర్తింపునో దొంగిలించి వాడితే ఐటీ చట్టం 66సీ, కంప్యూటర్ సాధనంతో వేషం మార్చి మోసం చేస్తే 66డీ. రెండింటికీ మూడేండ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. లైంగిక చర్యల దృశ్యాలు పంపితే 67ఏ, మొదటిసారికే ఐదేండ్ల దాకా జైలు, పది లక్షల దాకా జరిమానా. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో వెంటాడటానికి 78వ సెక్షన్. ఆన్‌లైన్‌లో వెంటాడినా అదే సెక్షన్. పరువు తీయడానికి దొంగ ఎలక్ట్రానిక్ రికార్డు తయారుచేస్తే 336లో నాలుగో ఉపసెక్షన్. ఇక ఆడపిల్లలు అందరికన్నా ఎక్కువ భయపడే ప్రశ్న ఒకటి ఉన్నది: "ఫొటో నేనే ఇచ్చిన గదా, తప్పు నాదే అంటరేమో?" న్యాయ సంహిత 77వ సెక్షన్ వివరణ ఆ భయానికి జవాబు చెబుతుంది. అట్లాంటి ఫొటో తీయడానికి ఒప్పుకున్నా, దాన్ని ఇతరులకు పంచడానికి ఒప్పుకోకపోతే, పంచినవాడిదే నేరం. ఇంటర్ చదివే పిల్ల అయితే పోక్సో కూడా వస్తుంది. అప్పుడు తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పకపోవడం కూడా నేరమే.

ఇవి కాగితం మీది సెక్షన్లు కావు, పనిచేసిన సందర్భాలున్నాయి. 2004లో చెన్నైలో ఒకడు, తనను పెళ్లి చేసుకోవడానికి ఒప్పుకోని మహిళ పేరుతో దొంగ ఈ-మెయిల్ తెరిచి, యాహూ గ్రూపుల్లో ఆమె నెంబరు పెట్టి అసభ్య రాతలు రాశాడు. ఆమెకు ఫోన్లు మొదలయ్యాయి. మనం ఇవాళ చూస్తున్న పద్ధతే, అప్పుడు ఇన్‌స్టాగ్రామ్ లేదు, అంతే. ఫిబ్రవరిలో ఫిర్యాదు, ముంబైలో అరెస్టు, నవంబరు 5న ఎగ్మోర్ కోర్టులో శిక్ష, రెండేండ్ల కఠిన కారాగారం. ఐటీ చట్టం 67వ సెక్షన్ కింద దేశంలో పడ్డ మొదటి శిక్షగా దాన్ని చెబుతారు. ఇంటర్నెట్ సెంటర్ నడిపేవాళ్ల సాక్ష్యంతో నిలబడ్డ కేసు అది. 2018 మార్చిలో పశ్చిమ బెంగాల్‌లోని తమ్లుక్ కోర్టు, విడిపోయిన అమ్మాయి వీడియోను నెట్‌లో పెట్టినవాడికి ఐదేండ్ల జైలు వేసింది. ఫిర్యాదు నుంచి తీర్పు దాకా పట్టింది దాదాపు ఎనిమిది నెలలు. తమ్లుక్ మహానగరం కాదు, గోదావరిఖని లాంటి ఊరే. 2020 నవంబరు 23న ఒడిశా హైకోర్టులో జస్టిస్ ఎస్.కె. పాణిగ్రాహి ముందుకు వచ్చిన కేసులో నిందితుడు ఆ అమ్మాయి పేరుతోనే ఫేస్‌బుక్ ఖాతా తెరిచి ఆమె వీడియోలు పెట్టాడు. ఆయన బెయిల్ నిరాకరించడమే కాదు, నెట్‌లో పడ్డ తన బొమ్మను శాశ్వతంగా చెరిపించుకునే హక్కు బాధితురాలికి ఉండాలని వివరంగా రాశారు.

మన తెలుగువాళ్లకు దగ్గరి ఉదాహరణ ఇంకొకటి. 2023 నవంబరులో రష్మిక మందన్న ముఖం అతికించిన డీప్‌ఫేక్ వీడియో బయటపడింది. ఢిల్లీ పోలీసులు వందల ఖాతాలను వడపోసి 2024 జనవరిలో నిందితుణ్ని ఆంధ్రప్రదేశ్‌లో పట్టుకున్నారు. వాడెవడో ఆమెకు తెలియదు, అయినా దొరికాడు. మా పిల్లల కేసుల్లో ఫలానావాడు అయి ఉంటాడని మొదటి రోజే పేరు చెబుతారు. సినిమా నటి కోసం తెలియనివాణ్ని వెతికి పట్టుకోగలిగిన వ్యవస్థ, జనరల్ మజ్దూర్ బిడ్డ కోసం తెలిసినవాడి ఫోన్ ఒక్కటి స్వాధీనం చేసుకోలేదా?

డబ్బు పోయిన కేసుల్లో పోలీసులు చూపే చురుకు నేను కండ్లారా చూస్తున్నాను. సైబర్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, గోల్డెన్ అవర్ దాటనివ్వకండి అని చౌరస్తాల్లో బోర్డులు, కాలేజీల్లో మీటింగులు. జాతీయ నేర రికార్డుల సంస్థ లెక్కల్లో 2022లో దేశం మొత్తం మీద 65,893 సైబర్ నేరాలు నమోదైతే తెలంగాణలోనే 15,297. ఎక్కువ భాగం డబ్బు మోసాలే. ఫిర్యాదు రాగానే కేసు కట్టే అలవాటు ఈ అంకెలో కనబడుతుంది, అందుకు అభినందించాలి. ఖాతాలోంచి డబ్బు జారిపోతుంటే గంటలు లెక్కపెట్టే మనం, ఒక అమ్మాయి ఫొటో ఫోన్ నుంచి ఫోన్‌కు పాకుతుంటే రేపు రమ్మనడం ఎట్లా సబబు? ఆమెకూ ఒక గోల్డెన్ అవర్ ఉన్నది. అది దాటితే బ్యాంకు ఫ్రీజ్ చేయడానికి అక్కడ ఏమీ మిగలదు.

షీ టీమ్స్ మీద నాకు గౌరవం ఉన్నది. 2014 అక్టోబరులో హైదరాబాద్‌లో మొదలై, మరుసటి ఏడాదే జిల్లాలకు వచ్చిన ఆ బృందాల వల్ల బస్టాండుల్లో, కాలేజీ గేట్ల దగ్గర ఆడపిల్లలకు ఊపిరాడింది. ఈల వేసిన పోరణ్ని తండ్రితో సహా కూర్చోబెట్టి బుద్ధి చెబితే చాలాసార్లు మారతాడు. కానీ మాజీ ప్రేమికుడు పథకం వేసి, రోజుల తరబడి, ఆమె చుట్టాల జాబితా ముందు పెట్టుకుని చేసే పని క్షణికమైన ఆకతాయితనం కాదు. రెండింటికీ ఒకటే కౌన్సెలింగ్ గది చూపితే, రెండోవాడు దాన్ని వాయిదా కింద లెక్కేసుకుంటాడు.

నేను కఠినత్వం కోరుతున్నానని అనుకోవద్దు. లాఠీ అడగడం లేదు. 2008 డిసెంబరులో వరంగల్‌లో ఇద్దరు ఇంజినీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ పోసిన కేసులో నిందితులు ముగ్గురూ పోలీసు కాల్పుల్లో చనిపోతే పూలదండలు వేసినవాళ్లను చూశాం. 2019లో దిశ కేసులో నలుగురు నిందితులు అట్లాగే చనిపోయినప్పుడు మళ్లీ చూశాం. ఆ తర్వాత ఆ కాల్పుల మీద విచారణ జరిపిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ ఏం చెప్పిందో కూడా చదివాం. ఆ చప్పట్ల వెనక ఉన్నది కోర్టు మీద నమ్మకం లేకపోవడం. ఆ నమ్మకం పెద్ద కేసుల్లో పుట్టదు, ఇట్లాంటి చిన్న కేసుల్లో పుడుతుంది. ఈ నేరాల్లో చాలావాటికి స్టేషన్ బెయిలే వస్తుందని, ఏడేండ్ల లోపు శిక్ష ఉన్నవాటికి నోటీసు ఇచ్చి పంపడమే పద్ధతి అని నాకు తెలుసు. పంపండి. మనిషిని పంపండి గానీ ఫోన్‌ను పంపకండి. ఏడేండ్లు, ఆపైన శిక్ష ఉన్న నేరాలకే ఫోరెన్సిక్ నిపుణులు రావడం కొత్త చట్టంలో తప్పనిసరి చేశారు. ఈ నేరాలు ఆ గీతకు కిందే ఉండిపోయాయి. అందుకే ఇక్కడ చట్టం కన్నా మీ ఆదేశానికే బలం ఎక్కువ.

తప్పుడు కేసులు పెడతారు అనే మాట తప్పకుండా వస్తుంది. నిజమే, విడిపోయిన ప్రతివాడూ నేరస్తుడు కాదు. ఒక్కోసారి అసలు పనిచేసింది ఈర్ష్య పడ్డ బంధువో, కాలేజీలో ఇంకెవరో అయి, అనుమానం మాత్రం పాత స్నేహితుడి మీద పడుతుంది. అమ్మాయిలు అబ్బాయిల పేరుతో ఖాతాలు తెరిచిన సందర్భాలూ ఉంటాయి, 66సీకి ఆడా మగా తేడా లేదు. దీనికి మందు కూడా దర్యాప్తే. పంచాయితీలో ఎవరి గొంతు పెద్దదైతే వాళ్లది న్యాయం. ఏ ఫోన్ నుంచి, ఏ నెంబరుతో, ఏ రాత్రి ఆ ఖాతా తెరుచుకున్నదో బయటపడితే నిర్దోషి తలెత్తుకుని ఇంటికి పోతాడు. తప్పు ఒప్పుకున్నట్టు భయంతో కాగితం రాసిచ్చే దుస్థితి అతనికీ తప్పుతుంది.

ఇక నేను అడిగేవి.

మొదటిది, పిటిషన్ కాదు, ఎఫ్ఐఆర్. ఏ స్టేషన్‌కు వచ్చినా జీరో ఎఫ్ఐఆర్ కట్టాలని, ఆన్‌లైన్‌లో పంపిన ఫిర్యాదును మూడు రోజుల్లో సంతకం తీసుకుని నమోదు చేయాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ చెబుతున్నది. ప్రాథమిక విచారణ అవసరమైతే డీఎస్పీ స్థాయి అధికారి అనుమతితో 14 రోజుల్లో ముగించాలి. వెంటాడటం లాంటి నేరాల్లో ఫిర్యాదును మహిళా అధికారే రాసుకోవాలి. ఐటీ చట్టం కింద దర్యాప్తు ఇన్‌స్పెక్టర్ స్థాయికి తగ్గకూడదు. ఇవన్నీ ఉన్న నియమాలే. అమలవుతున్నాయో లేదో వారం వారం అడిగే మనిషి కావాలి.

రెండోది, డిలీట్ చేయించే ముందు నమోదు. స్క్రీన్‌షాట్ ఒక్కటే చాలదు. ఖాతా లింకు, తేదీ, సమయం రాసుకోవాలి. సోషల్ మీడియా కంపెనీకి సమాచారం భద్రపరచమని అదే రోజు లేఖ పోవాలి. కోర్టులో ఎలక్ట్రానిక్ సాక్ష్యం నిలవాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ సర్టిఫికెట్ ఉండాలి. అందులో ఒక భాగం ఫోన్ చేతిలో ఉన్నవాళ్లు, మరో భాగం నిపుణుడు నింపాలి. పదో తరగతితో చదువు ఆపిన తల్లికి ఆ ఫారం ఎట్లా నింపాలో తెలియదు. ప్రతి స్టేషన్‌లో ఒక కానిస్టేబుల్‌కు ఈ ఒక్క పనిలో శిక్షణ ఇప్పించండి.

మూడోది, ఆ ఫొటోల గౌరవం. దర్యాప్తు పేరుతో వాటిని వాట్సాప్‌లో ఒకరి నుంచి ఒకరికి పంపుకోవద్దని రాతపూర్వకంగా ఆదేశించండి. ఎంతమంది చూశారన్నది కూడా ఆ అమ్మాయికి దెబ్బే.

నాలుగోది, కబురు. దర్యాప్తు ఎక్కడిదాకా వచ్చిందో 90 రోజుల్లో ఫిర్యాదుదారుకు చెప్పాలని చట్టంలోనే ఉన్నది. ఆమె స్టేషన్ చుట్టూ తిరగకుండా ఒక మెసేజి పంపితే సరిపోతుంది.

సింగరేణి యాజమాన్యానికి, కార్మిక సంఘాలకు కూడా మీ ద్వారా ఒక మాట. కొత్తగా కొలువులో చేరిన ప్రతివాడూ ముందు వృత్తి శిక్షణ కేంద్రం (వీటీసీ)లో శిక్షణకు పోతాడు. తండ్రి కొలువు వచ్చిన ఇరవై మూడేండ్ల యువకుడికి అక్కడ టోపీ, లాంతరు, గ్యాస్ గురించి చెబుతారు. ఫోన్‌తో చేసే ఏ పనికి జైలు ఉన్నదో చెప్పడానికి మీ సైబర్ క్రైమ్ ఇన్‌స్పెక్టర్‌కు అక్కడ ఒక గంట ఇప్పించండి. వేధించినవాడు, వేధింపు పడుతున్న ఆమె ఇద్దరూ అదే కంపెనీలో పనిచేస్తుంటే పనిచోట లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టం కింద అంతర్గత కమిటీకి మూడు నెలల్లో ఫిర్యాదు చేయవచ్చు. ఆమె కోరితే విచారణ సాగేటప్పుడు బదిలీ కూడా సిఫారసు చేయవచ్చు. ఈ సంగతి నోటీసు బోర్డుల మీద తెలుగులో రాయించాలి. సంఘాల పిట్ సెక్రటరీలకు నా విన్నపం ఒక్కటే. బాధితుల వెంట స్టేషన్‌కు రండి, ఎఫ్ఐఆర్ కాపీ చేతికి వచ్చేదాకా ఉండండి, రాజీ కాగితం మీద మాత్రం సాక్షి సంతకం చేయకండి.

కమిషనర్ గారూ, చివరి విన్నపం ఖర్చు లేనిది. మూడు నెలలకోసారి ఒక్క పేజీ లెక్క బయటపెట్టండి. పేర్లు వద్దు, ఊళ్లు వద్దు. ఇట్లాంటి ఫిర్యాదులు ఎన్ని వచ్చాయి, ఎన్ని ఎఫ్ఐఆర్లు అయ్యాయి, ఎన్ని ఫోన్లు ల్యాబ్‌కు పోయాయి, ఎన్ని ఛార్జిషీట్లు పడ్డాయి, ఎందరికి శిక్ష పడింది. అయిదు గడులు. చివరి గడిలో సున్నా ఉంటే సున్నా అనే రాయండి. కనబడని సున్నాను ఎవరూ అడగరు. అచ్చులో కనబడితే మేమూ అడుగుతాం, ప్రాసిక్యూటర్ కూడా జవాబు వెతుక్కుంటాడు, దొంగ ఖాతా తెరవబోయేవాడు కూడా ఆ గడి ఎప్పుడు నిండుతుందోనని చూస్తాడు.

ఇట్లు,
మీ పరిధిలోని ఒక పౌరురాలు,
గోదావరిఖని